మొదటి ఫుల్ సస్పెన్షన్ సైకిల్: వైజాగ్‌లో ఎలా చూసి కొనాలి

“అన్నా, డబుల్ షాకర్ సైకిల్ తీసుకుందామనుకుంటున్నా, ఏది బావుంటుంది?” ఈ మధ్య వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. మోడళ్ళు ఏడాదికోసారి మారిపోతాయి కాబట్టి ఫలానాది కొనండి అని చెప్పను. దుకాణంలో నిలబడి ఏం చూడాలో, ఏం అడగాలో, ఇంటికి తెచ్చాక సరిగ్గా ఉందో లేదో ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

ఫుల్ సస్పెన్షన్ అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ కుదుపు మింగే షాక్ ఉన్న సైకిల్, జనం డబుల్ షాకర్ అనేది దీన్నే. ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. వెనక షాక్‌కి రెండు పనులు రావాలి. మీ బరువుకు తగ్గట్టు గట్టిదనం మార్చుకునే వీలుండాలి. కుంగిన తర్వాత ఎంత వేగంగా లేవాలో అదుపు చేసే వీలుండాలి. ఈ రెండూ లేని సైకిల్‌కి ముందూ వెనకా ఎన్ని స్ప్రింగులున్నా ఈ రాతలో దాని ఊసు లేదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడికి వాళ్ళ నాన్న 15 వేలు పెట్టి డబుల్ షాకర్ కొనిచ్చారు. లావు ఫ్రేము, మధ్యలో ఎర్ర స్ప్రింగు, చూడ్డానికి ఎంతో బావుంది. కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తొక్కిన ప్రతి తొక్కుకీ సీటు కుంగి లేచేది. తొక్కిన బలంలో సగం ఆ ఊగులాటకే పోయేది. తనకే దమ్ము లేదనుకున్నాడు వాడు. తూచి చూస్తే సైకిల్ 19 కిలోలు. ఏడాది తిరక్కుండా వెనక చక్రం కదిలే లింకు (కీలు) దగ్గర బుష్ అరిగి చక్రం పక్కలకి ఊగడం మొదలైంది. సైకిల్ పోతే పోయింది, వాడు తొక్కడమే మానేశాడు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

దుకాణానికి వెళ్ళేముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీ ఎత్తు, కాలి లోపలి పొడవు (గోడకి ఆని నిలబడి, కాళ్ళ మధ్య ఒక పుస్తకం పైకి నొక్కిపెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి)
- మీ బరువు. హెల్మెట్, బూట్లు, నీళ్ళు, బ్యాగు అన్నీ కలిపి
- మిల్లీమీటర్లున్న స్కేలు
- సైకిల్ పట్టుకోవడానికి ఒక స్నేహితుడు
- సైకిల్ ధర కాకుండా, వేరుగా 15 నుంచి 20 వేలు

ఆ చివరిది చాలామంది మర్చిపోతారు. హెల్మెట్, మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్, షాక్‌లో గాలి నింపే పంపు, ట్యూబ్ లేని టైర్లలో పోసే పంచరు ద్రవం, ఒక విడి హ్యాంగరు (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క), వీటికి పోతుంది ఆ డబ్బు. సైకిల్‌కే అంతా పెట్టేసి, ప్యాడ్లు తర్వాత కొందాంలే అనుకున్నవాళ్ళు మొదటి నెలలోనే మోకాలు కొట్టించుకోవడం చూశాను.

1. మీకు నిజంగా కావాలా, తేల్చుకోండి

గడిచిన రెండు నెలల్లో ఎక్కడెక్కడ తొక్కారో కాగితం మీద రాయండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు, కైలాసగిరి ఘాట్, సింహాచలం కొండ రోడ్డు, సెలవుల్లో అనంతగిరి మీదుగా అరకు ఘాట్... ఇవన్నీ తారు రోడ్లు. వీటికి వెనక షాక్ అక్కర్లేదు. ముందు ఫోర్కుకి మాత్రమే షాక్ ఉన్న హార్డ్‌టెయిల్ తేలికగా ఉంటుంది, చౌక, రిపేరు తక్కువ.

రాళ్ళు తేలిన కొండ బాటలు, వాన నీళ్ళు కోసేసిన ఎర్రమట్టి దారులు, వేర్లు అడ్డొచ్చే తోటల దిగుడు దారులు, ఇలాంటివి నెలకి కనీసం మూడు నాలుగు సార్లు తొక్కుతున్నారా? లేదా హార్డ్‌టెయిల్ మీద ఇప్పటికే తొక్కుతూ, దిగేటప్పుడు వెనక చక్రం ఎగిరిపోయి అదుపు తప్పుతోందా? అలాగైతే ముందుకు చదవండి.

మన ఊరి కొండల సంగతి ఇక్కడే చెప్పాలి. కంబాలకొండ రక్షిత అడవి, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి బాటల్లోకి వెళ్ళొద్దు. యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు నౌకాదళం స్థలాలున్నాయి, బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం దయచేసి ఎవరూ సైకిల్ ఎక్కించొద్దు. వేల ఏళ్ళ పాటు పోగైన ఇసుక అది. ఒక టైరు గీసిన గాడిలోంచి వాన నీరు దారి చేసుకుంటుంది, ఇక అక్కడ దిబ్బ కోసుకుపోతూనే ఉంటుంది.

2. డబ్బు లెక్క

పేరున్న కంపెనీల నుంచి కొత్త ఫుల్ సస్పెన్షన్ లక్ష లోపు దొరకడం కష్టం. ఒకటిన్నర, రెండు లక్షల దగ్గర నుంచి నమ్మకమైనవి కనిపిస్తాయి. అంత పెట్టలేకపోతే మూడు దారులున్నాయి, నా లెక్కలో ఈ వరసలో:

అ) 60 నుంచి 80 వేలలో ఎయిర్ ఫోర్కు (స్ప్రింగు బదులు గాలి ఉండేది), హైడ్రాలిక్ బ్రేకులు (తీగ బదులు ద్రవంతో పనిచేసేవి) ఉన్న మంచి హార్డ్‌టెయిల్. కొత్తవాళ్ళలో ఎక్కువ మందికి నేను చెప్పేది ఇదే. ఏ రాయి మీద చక్రం పెట్టాలో, ఎక్కడ వొంగాలో నేర్పేది ఇదే.

ఆ) వాడిన ఫుల్ సస్పెన్షన్, 7వ మెట్టులో చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితేనే.

ఇ) ఆరు నెలలు ఆగి డబ్బు కూడబెట్టడం.

20 వేల లోపు కొత్త డబుల్ షాకర్ నాలుగో దారి కాదు. వాటిలో కొన్నిటి మాన్యువల్‌లో రాళ్ళ దారుల్లో వాడొద్దనే రాసి ఉంటుంది, చదవండి.

3. ట్రావెల్ ఎంత కావాలి

చక్రం ఎంత మేర పైకి కదలగలదో అదే ట్రావెల్. 100 నుంచి 120 మి.మీ. ఉన్నవి వేగంగా తొక్కేవాళ్ళ క్రాస్ కంట్రీ సైకిళ్ళు. 120 నుంచి 150 దాకా ట్రెయిల్ సైకిళ్ళు. 150 దాటితే ఎండ్యూరో. 180 నుంచి 200 అంటే పైకి జీపులో తీసుకెళ్ళి కిందకి దిగడానికి చేసిన డౌన్‌హిల్ సైకిళ్ళు.

మనకి కొండ ఎక్కించే లిఫ్టులు లేవు, ఎక్కడానికైనా దిగడానికైనా మన కాళ్ళే. పైగా చెమట కారే ఊరు. అందుకని మొదటి సైకిల్‌కి వెనక 120 నుంచి 140 చాలు, ముందు అంతే గానీ ఇంకో 10 ఎక్కువ గానీ. “ఎక్కువ ట్రావెల్ అయితే ఎక్కువ భద్రత కదా” అని అడుగుతారు. కొత్తవాళ్ళకి 170 మి.మీ. సైకిల్ ఇస్తే ఎక్కేటప్పుడు అలసిపోతారు, అలిసిన చేతులతో దిగుతారు, పడేది అప్పుడే.

ఫ్రేము మీద లేదా మాన్యువల్‌లో ఏ వాడకానికి చేశారో తెలిపే 1 నుంచి 5 దాకా అంకె చాలా కంపెనీలు వేస్తాయి. 3 అంటే 61 సెంటీమీటర్ల లోపు దూకుళ్ళకి, 4 అంటే 122 సెంటీమీటర్ల లోపు వాటికి. మీకు 3 చాలు, 4 ఉంటే ఇంకా మంచిది. 2 ఉంటే కొనొద్దు.

4. సైజు

ఇక్కడ రాజీ పడొద్దు. “సీటు ఎత్తు సర్దుకుంటే సరిపోద్ది బాబూ” అనే మాట వినిపించిన చోట జాగ్రత్త. సీటు ఎత్తు సర్దుకోవచ్చు గానీ సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య దూరం ఫ్రేముతో వచ్చేది, దాన్ని పెద్దగా మార్చలేరు.

- కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చిన ఎత్తుల పట్టికే చూడండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ స్మాల్ కావచ్చు.
- ఫ్రేము పై గొట్టానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి.
- పెడల్స్ మీద నిలబడి మోకాళ్ళు కొంచెం వంచి హ్యాండిల్ పట్టుకోండి. మోచేతులు సులువుగా వంగాలి. చేతులు బిగుసుకుపోతే సైకిల్ పెద్దది, మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతుంటే చిన్నది.
- రెండు సైజుల మధ్య పడితే, కొత్తవాళ్ళు చిన్నది తీసుకోవడం నయం. మలుపుల్లో మాట వింటుంది.

చక్రాల గురించి పెద్దగా తల పట్టుకోవద్దు. 29 అంగుళాలది గుంటల మీద సాఫీగా పోతుంది, 27.5 చురుగ్గా తిరుగుతుంది. ఎత్తు 160 సెంటీమీటర్ల లోపైతే 29 తీసుకునేముందు, సీటు దించి వెనక్కి వంగినప్పుడు టైరు తగులుతుందేమో ఒకసారి చూసుకోండి.

5. దుకాణంలో చేత్తో తడిమి చూడాల్సినవి

వెనక షాక్: గాలి ఎక్కించే మూత, రీబౌండ్ (కుంగాక లేచే వేగం) తిప్పే బొడిపె, రెండూ కనబడాలి. రీబౌండ్ బొడిపె సాధారణంగా ఎర్రగా ఉంటుంది. రాక్‌షాక్స్, ఫాక్స్, సన్‌టూర్, ఎక్స్-ఫ్యూజన్ లాంటి పేరుంటే విడిభాగాలు దొరికే అవకాశం ఎక్కువ. షాక్ కొలత కొనేముందే రాసుకోండి, ఉదాహరణకి 210×50. మొదటిది మొత్తం పొడవు, రెండోది లోపలికి కదిలే దూరం. ఈ రెండో అంకెతో 6వ మెట్టులో పని ఉంది. ఆ కంపెనీ ఫ్రేముకి తప్ప దేనికీ సరిపోని ప్రత్యేక షాక్ ఉంటే మొదటి సైకిల్‌గా వద్దు.

ఫోర్కు: గాలిదే కావాలి. చక్రం ఇరుసు లావుగా, ఫోర్కులోకి మర తిరిగేదై ఉండాలి, 15 మి.మీ. అంటారు. వెనకదైతే 12 మి.మీ. ఉండాలి. వీటి బదులు సన్నటి పుల్లలాంటి క్విక్ రిలీజ్ ఇరుసు ఉంటే, అంత ధరకి వద్దని చెప్పండి.

బ్రేకులు: హైడ్రాలిక్. ముందు రోటరు (బ్రేకు పట్టే లోహపు పళ్ళెం) 180 మి.మీ. ఉంటే మంచిది.

గేర్లు: ముందు ఒకటే పళ్ళచక్రం, వెనక 10 నుంచి 12. వెనక పెద్దది 50 లేదా 51 పళ్ళుంటే మన కొండలకి ఊపిరి మిగులుతుంది. “27 గేర్లు” అని ఊరిస్తే పడిపోవద్దు.

డ్రాపర్ సీటు: బొటనవేలితో లివర్ నొక్కితే సీటు దిగే ఏర్పాటు. ఇది ఉంటే దిగుడులో భయం సగం తగ్గుతుంది. గేర్ల సెట్టు ఒక మెట్టు తక్కువైనా సరే, ఇది మాత్రం ఉండాలనే నేనంటాను.

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: “షాక్ సర్వీసు ఇక్కడే చేస్తారా? లేకపోతే ఎక్కడికి పంపుతారు, ఎన్ని రోజులు?” హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపుతామంటే తప్పేం లేదు. ఎన్ని రోజులో చెప్పలేకపోతేనే ఆలోచించాలి.

6. శాగ్ పెట్టించండి, తర్వాతే తొక్కి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, తొంభై పాళ్ళు జనం వదిలేసేదీ ఇదే. గాలి సరిగా లేని రెండు లక్షల సైకిల్ కూడా చెడ్డగానే నడుస్తుంది, మీరేమో మోడల్ బాగోలేదనుకుని వచ్చేస్తారు.

మీరు ఎక్కి నిలబడితే షాక్ ఎంత కుంగుతుందో అదే శాగ్. వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం ఉండాలి.

అ) షాక్ మీద లాకౌట్ లివర్ (షాక్ కదలకుండా బిగించే మీట) ఉంటే తెరిచిన స్థితిలో పెట్టండి. ఇది మర్చిపోతే లెక్కంతా తప్పు.

ఆ) షాక్ పంపుతో గాలి పెట్టండి. చాలా ట్రెయిల్ సైకిళ్ళకి మీ బరువు పౌండ్లలో ఎంతో అన్ని పీఎస్‌ఐతో (గాలి ఒత్తిడి కొలత, పంపు మీద కనిపిస్తుంది) మొదలు పెడతారు. 70 కిలోలంటే 154 పౌండ్లు, కాబట్టి 150 దగ్గర మొదలు పెట్టండి. షాక్ మీద రాసిన గరిష్ఠం దాటొద్దు.

ఇ) పది పన్నెండు సార్లు బలంగా కుంగించి లేపండి. లోపలి రెండు గదుల్లో గాలి సర్దుకుంటుంది. మళ్ళీ పంపు తగిలిస్తే అంకె తగ్గి కనిపిస్తుంది. లీకని కంగారు పడొద్దు, పంపు గొట్టంలోకి కొంచెం గాలి వెళ్ళడం సహజం. తగ్గినది నింపండి.

ఈ) స్నేహితుణ్ణి హ్యాండిల్ పట్టుకోమని, హెల్మెట్, బ్యాగుతో ఎక్కి రెండు పెడల్స్ మీదా నిలబడండి. మెల్లగా రెండు సార్లు ఊగి ఆగండి.

ఉ) షాక్ మీద ఉన్న రబ్బరు రింగుని స్నేహితుడు సీలు దాకా (మెరిసే గొట్టం లోపలికి దూరే అంచు దాకా) నెట్టాలి. కుదుపు లేకుండా దిగండి.

ఊ) రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలవండి. షాక్ కదిలే దూరం 50 మి.మీ. అయితే 12.5 నుంచి 15 మధ్య రావాలి. ఎక్కువొస్తే గాలి పెంచండి, తక్కువొస్తే తగ్గించండి, ఒక్కోసారి 5 పీఎస్‌ఐ చొప్పున.

ఇక్కడ జరిగే పొరపాటు: “130 మి.మీ. ట్రావెల్ కదా, 30 శాతం అంటే 39” అని షాక్ మీద 39 కోసం వెతుకుతారు. 130 అనేది చక్రం కదిలే దూరం. షాక్ కదిలేది దాంట్లో సగం కూడా ఉండదు. వెనక లెక్క షాక్ అంకెతోనే కట్టాలి. ముందు ఫోర్కుకి మాత్రం ట్రావెల్‌తోనే: 130 ఫోర్కుకి 20 నుంచి 26 మి.మీ.

శాగ్ కుదిరాక రీబౌండ్. సీట్లో కూర్చుని ఫుట్‌పాత్ అంచు మీంచి నెమ్మదిగా కిందకి దిగండి. కుంగి, లేచి, ఒక్కసారి కొద్దిగా దాటి ఆగిపోతే బావున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే బొడిపె నెమ్మది వైపు తిప్పండి. లేవడానికే బద్ధకిస్తే వేగం వైపు.

ఇప్పుడు తొక్కండి. సందులో రెండు చుట్లు కొట్టి సరే అనొద్దు, ఒక మెరక ఎక్కండి. వాల్తేరు అప్‌ల్యాండ్స్ చుట్టుపక్కల వాటికి కొదవ లేదు. కూర్చుని తొక్కుతూ కిందకి చూడండి: షాక్ కొంచెం కదలడం మామూలే, ప్రతి తొక్కుకీ లోతుగా కుంగుతుంటే లాకౌట్ లివర్ మధ్య స్థితికి తిప్పి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఆ సైకిల్ మీకొద్దు. శాగ్ పెట్టనివ్వం, తొక్కనివ్వం అంటే ఆ దుకాణానికి దణ్ణం పెట్టి బయటికి రండి.

7. వాడినది కొంటుంటే

- వెనక చక్రం నేల మీద ఉండగా సీటు పట్టుకుని కొద్దికొద్దిగా పైకి లాగండి. టకటకమని చేతికి తెలిస్తే పివట్ (ఫ్రేము కదిలే కీలు) బేరింగులు గానీ షాక్ బుషింగులు గానీ అరిగినట్టు. బుషింగ్ చిన్న ఖర్చు, బేరింగుల సెట్టు పెద్ద ఖర్చు.
- వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ నెట్టండి. చక్రం, ఫ్రేము కలిసి ఊగితే పివట్. చక్రం ఒక్కటే ఊగితే హబ్ (చక్రం నడిమి భాగం).
- షాక్, ఫోర్కుల మెరిసే గొట్టాల మీద గోరుతో గీయండి. గోరు ఆగేంత గీత ఉంటే సీలు కోసేసి నూనె కారుస్తుంది.
- షాక్‌లో గాలి పెట్టి గంట తర్వాత చూడండి, మెత్తబడితే సీళ్ళు పోయినట్టు.
- అతుకుల దగ్గర, లింకులు బిగించిన చోట్ల టార్చి వేసి చూడండి. పెయింటు మీద వెంట్రుక లాంటి గీత కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా వద్దు.
- అడుగున పెడల్ ఇరుసు దగ్గర సీరియల్ నంబరు ఉంటుంది. బిల్లుతో సరిపోవాలి. బిల్లు లేకపోతే వదిలేయండి.

నేనొకసారి ఈ మొదటి పరీక్ష చెయ్యకుండా, పెయింటు కొత్తగా ఉందని ఒకటి కొన్నాను. సముద్రానికి ఎదురుగా ఉన్న సెల్లార్‌లో రెండేళ్ళు నిలబడిన సైకిల్ అది. విప్పితే పివట్ బేరింగుల్లో గ్రీజు బదులు తుప్పు పొడి రాలింది. మన ఊళ్ళో వాడినది కొనేటప్పుడు “ఎన్ని కిలోమీటర్లు తిరిగింది” అన్నదానికన్నా “ఎక్కడ నిలబెట్టారు” అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

8. మొదటి నెల

ఉప్పుగాలి ఫుల్ సస్పెన్షన్‌కి పెద్ద శత్రువు. సైకిల్ ఇంట్లో పెట్టుకోండి, బాల్కనీలో కాదు. ఫొటో కోసమైనా రుషికొండ ఇసుకలో దించొద్దు. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో ఫ్రేము, షాక్ గొట్టాలు తుడవండి. మురికైతే బకెట్టు, మగ్గు, స్పాంజి చాలు. బండ్లు కడిగే వాటర్ సర్వీసింగ్‌కి మాత్రం తీసుకెళ్ళకండి, ఆ ధార బేరింగుల్లోకి నీళ్ళు కొడుతుంది. చెయిన్ కిరసనాయిలుతో కడిగేవాళ్ళు షాక్ సీళ్ళకీ బ్రేక్ రోటరుకీ చుక్క కూడా తగలనివ్వొద్దు.

మొదటి రెండు మూడు రైడ్ల తర్వాత పివట్ బోల్టులు వదులయ్యాయేమో దుకాణంలో టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నారో తెలిపే రెంచి) చూపించండి. ఇంట్లో అలెన్ కీతో బలం కొద్దీ బిగిస్తే మరలు పోతాయి. తర్వాత 50 గంటల తొక్కుడుకోసారి ఫోర్కు కింది గొట్టాలు, షాక్ గాలి గది సర్వీసు, 200 గంటలకి పూర్తి సర్వీసు అని రాక్‌షాక్స్ చెబుతుంది. వారానికి నాలుగు గంటలు తొక్కితే 50 గంటలంటే మూడు నెలలు.

టైర్లలో తారు రోడ్డు గాలితో కొండెక్కొద్దు. 70 కిలోల మనిషికి ట్యూబ్‌లెస్‌లో 22 నుంచి 26 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. ట్యూబులుంటే 4 పెంచండి, లేకపోతే రాయి నొక్కి పంచరవుతుంది. వాన పడ్డ ఎర్రమట్టి బంకలా టైర్లకి పట్టేస్తుంది, ఒక రోజు ఆరనిచ్చి వెళ్ళండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

మీరు మామూలుగా తొక్కే బాట ఒకటి ఎంచుకోండి. బయల్దేరేముందు షాక్ రింగుని, ఫోర్కు రింగుని సీలు దాకా నెట్టి, తిరిగొచ్చాక చూడండి.

- రింగు చివరికి కొద్ది మిల్లీమీటర్ల దూరంలో ఆగితే కుదిరినట్టే.
- సగం కూడా రాకపోతే గాలి ఎక్కువ. 5 పీఎస్‌ఐ తగ్గించి శాగ్ మళ్ళీ కొలవండి.
- ప్రతిసారీ చివరిదాకా వెళ్ళి ఠక్‌మని కొడితే 5 నుంచి 10 పెంచండి. ఒక పెద్ద దెబ్బకి ఒకసారి కొడితే పర్లేదు.
- చేతులు మొద్దుబారుతుంటే ముందు టైరు గాలి చూడండి, తర్వాతే ఫోర్కు.

ఒకసారికి ఒకటే మార్చండి. గాలి, రీబౌండ్ రెండూ ఒకేసారి తిప్పేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

కుదిరిన అంకెలు, అంటే షాక్ గాలి, ఫోర్కు గాలి, రీబౌండ్ ఎన్ని టిక్కులు, రెండు టైర్ల గాలి, ఒక టేపు ముక్క మీద రాసి సీటు అడుగున అంటించండి. సర్వీసుకిచ్చి తెచ్చుకున్న ప్రతిసారీ అవి మారి ఉంటాయి. దుకాణం గుమ్మం దాటకముందే షాక్ పంపు తగిలించి ఆ టేపుతో సరిచూసుకోండి.